సోదరత్వమునకు వాకిలి: ఫ్రీమేసను సంఘముల సభ్యత్వ నియమముల చరిత్ర

ఏ సంఘమైనను తన నిబంధనావళిలో మొట్టమొదట వ్రాసికొనునది ఉద్దేశములు. వెనువెంటనే వ్రాసికొనునది సభ్యత్వము. మొదటి ప్రకరణము ఆ సంఘము ఎందులకు పుట్టినదో చెప్పును. రెండవది ఎవరి కొఱకు పుట్టినదో చెప్పును. ఈ రెండింటికి పొత్తు కుదిరియున్నంత కాలము సంఘము నెమ్మదిగా నడచును. మొదటి ప్రకరణము 'అందఱు సోదరులు' అనియు, రెండవ ప్రకరణము 'వీరు మాత్రము కారు' అనియు పలుకనారంభించిననాడు లోపల కలతయు, వెలుపల నిష్ఠూరమును తప్పవు. అట్టి కలతను మూడు శతాబ్దములుగా అనుభవించుచు, కొన్ని తలుపులు తెఱచుచు, కొన్ని మూసియుంచుచు వచ్చిన సంఘమొకటి కలదు. అది ఫ్రీమేసను సంఘము.

తెలుగుదేశము వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు ఆ సంఘముతో పనియేమి యని చదువరులు అడుగవచ్చును. పని రెండు విధములుగా కలదు. మద్రాసు, బొంబాయి, హైదరాబాదు నగరముల చరిత్రలో ఆ సంఘము ఒక భాగము. మన పెద్దలు బ్రదికిన వీధులలోనే దాని మందిరములు వెలసినవి. అంతకంటె ముఖ్యమైనది రెండవది. మనమును సంఘములు పెట్టుకొన్నవారమే. మన నిబంధనావళులలోను సభ్యత్వ ప్రకరణము కలదు. ఒకరి వాకిలి కథ వినినచో మన వాకిలిని మనము నిదానించి చూచుకొనగలము. ఆ ఉద్దేశముతోనే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

రాతిపనివారి పాక

మేసను అనగా రాతిపనివాడు. మన తాపీమేస్త్రీ వంటివాడు. మధ్యయుగములలో ఇంగ్లండు, స్కాట్లండు దేశములయందు పెద్ద ప్రార్థనాలయములును కోటలును కట్టునప్పుడు పని యేండ్ల తరబడి సాగెడిది. పనివారు కట్టడము ప్రక్కనే ఒక పాక వేసికొని, అందు రాళ్లు చెక్కుచు, పనిముట్లు దాచుకొనుచు, భుజించుచు, విశ్రమించుచు ఉండెడివారు. ఆ పాకకే లాడ్జి యని పేరు. నేడు లాడ్జి యనగానే మనకు బస్సుల స్టాండు వద్ద గది దొఱకు వసతిగృహము తోచును గాని, మొదటి లాడ్జి చెమటోడ్చువారి నీడ.

ఆ పనివారి కట్టుబాట్లను తెలుపు వ్రాతప్రతులలో మిక్కిలి ప్రాచీనమైనది రీజియస్ ప్రతి. అది పదునాలుగవ శతాబ్దాంతమునకో, పదునైదవ శతాబ్ద పూర్వార్ధమునకో చెందినది. అందు శిష్యులను చేర్చుకొను విషయమున రెండు నియమములు గమనింపదగినవి. దాస్యములో నున్నవానిని శిష్యునిగా తీసికొనరాదనునది ఒకటి. అవయవలోపము గలవానిని తీసికొనరాదనునది రెండవది. ఈ నియమములకు కారణములను కూడ ఆ ప్రతియే చెప్పుచున్నది. దాసుని చేర్చుకొన్నచో వాని యజమాని యెప్పుడో వచ్చి పాకలో నుండియే వానిని లాగుకొనిపోవును. అందువలన తగవులు పుట్టును. అవయవములు సరిగా లేనివాడు బరువైన రాతిపని చేయజాలడు; వాని లోటు తోడివారందఱి మీద పడును. ఆ నియమములు నేటి మన దృష్టికి కఠినముగా తోచవచ్చును. కాని అవి గాలిలో పుట్టినవి కావు. పని యుండెను, పనికి తగిన భయముండెను, ఆ భయమునకు తగిన నియమముండెను.

ఉలి పట్టనివారికి ఉలివాని నియమములు

పదునేడవ శతాబ్దమునాటికి లాడ్జీలలో వింత మాఱ్పు కలిగెను. రాతిపని యెఱుగని పెద్దమనుషులు అందు చేరసాగిరి. పురావస్తు పరిశోధకుడైన ఇలయాస్ యాష్మోలు 1646లో వారింగ్టను పట్టణమున లాడ్జిలో చేర్చుకొనబడినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. క్రమముగా ఉలియు సుత్తియు మాటలలో మాత్రము మిగిలినవి. మూలమట్టము నడవడిలోని చక్కదనమునకు, వృత్తలేఖిని కోరికలకు గీయవలసిన హద్దునకు గుర్తులైనవి. గొఱ్ఱెపిల్ల తోలుతో చేసిన తెల్లని ఏప్రను పనివాని వస్త్రముగా గాక సభ్యుని భూషణముగా మాఱెను.

1717వ సంవత్సరము జూను 24వ తేదీన లండనులోని నాలుగు లాడ్జీలు కూడి మొదటి గ్రాండు లాడ్జిని స్థాపించెనని ఆ సంఘమువారి సంప్రదాయము. ఆ తేదీకి ఆధారము చాలదనియు, స్థాపన 1721లో జరిగియుండవచ్చుననియు ఇటీవలి చరిత్రకారులు కొందఱు వాదించుచున్నారు. తేదీ యేదైనను, 1723లో జేమ్సు ఆండర్సను అను స్కాట్లండు మతాచార్యుడు కూర్చిన నియమగ్రంథము అచ్చుపడెననుట నిర్వివాదము. అతడు ఆ గ్రంథమున సంఘచరిత్రను ఆదాముతో ఆరంభించి, సొలోమోను దేవాలయము మీదుగా తన కాలమునకు తెచ్చెను. అది చరిత్ర గాదు, పురాణము. నిన్న మొన్న ఏర్పడిన సంఘము సృష్ట్యాది నుండి ఉన్నట్లు చెప్పుకొన్నచో, దాని నియమములకు కూడ సృష్ట్యాది గౌరవము లభించును. ప్రాచీనత వేఱు, ప్రాచీనమని చెప్పుకొనుట వేఱు. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొనవలెను.

ఆండర్సను గ్రంథము ప్రకారము సభ్యుడు కాదగినవాడు మంచివాడు, సత్యవంతుడు, స్వతంత్రులకు పుట్టినవాడు, వయస్సు వచ్చినవాడు కావలెను. దాసులు, స్త్రీలు, దుర్నీతిపరులు తగరు. శిష్యునికి అవయవలోపము ఉండరాదు. చూడుడు! రాళ్లు మోయు పని పోయెను. రాళ్లు మోయువాని కొఱకు పుట్టిన నియమము నిలిచెను. యజమాని వచ్చి లాగుకొనిపోవు పాక లేదు. దాసుడు రారాదను నియమము మిగిలెను. స్త్రీల నేల చేర్చుకొనరాదో ఆండర్సను కారణమే చెప్పలేదు. కారణము చెప్పవలసిన అక్కఱ యెవరికిని తోచలేదు గాబోలు.

అయినను అదే గ్రంథమున మఱియొక వాక్యము కలదు. సభ్యుని మతవిశ్వాసమును వానికే విడిచిపెట్టి, సర్వమానవులు అంగీకరింపదగిన ధర్మమును మాత్రము వాని నుండి కోరవలెననియు, లేనిచో జీవితకాలము దూరముగా నుండిపోవువారిని మైత్రితో కలుపుటయే లాడ్జి పరమార్థమనియు దాని భావము. ఇంగ్లండున మతకలహములు చల్లారని రోజులలో అది సాహసము. దానిని వ్రాసినవారు క్రైస్తవములోని శాఖాభేదములను మాత్రమే తలచియుందురు. కాని వాక్యము వ్రాసినవారి తలపును దాటిపోయెను. మూసిన తలుపులును, వాటిని తెఱువగల తాళపుచెవియు ఒకే గ్రంథమున నున్నవి. తరువాతి కథయంతయు ఆ తాళపుచెవి కథయే.

నవాబునకు తెఱచిన తలుపు

తూర్పిండియా కంపెనీ ఓడలతో పాటు లాడ్జియు మన దేశమునకు వచ్చెను. బంగాళమున లాడ్జి తెఱచుటకు 1728లో లండను నుండి అనుమతి లభించెను. మద్రాసులో 1752లోను, బొంబాయిలో 1758లోను లాడ్జీలు వెలసినవి. సభ్యులందఱు కంపెనీ ఉద్యోగులు, సైనికులు, వర్తకులు. ఊరికి దూరముగా పరాయిదేశమున నున్నవారికి లాడ్జి ఒక ఊరడింపు. కొత్తగా వచ్చినవానికి పరిచయమును, రోగికి సాయమును, వితంతువునకు భృతియు అందు దొఱకెడివి. ప్రవాసమున సంఘమెంత అవసరమో మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

మన దేశస్థులలో ముందుగా లోపలికి పోయినవాడు ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా జ్యేష్ఠపుత్రుడు ఉందతుల్ ఉమరా. ఆ నవాబుల యేలుబడిలో నెల్లూరు మండలము కూడ నుండెడిది. 1775 ప్రాంతమున తిరుచిరాపల్లిలో అతనికి దీక్ష యిచ్చిరి. ఇంగ్లండు గ్రాండు లాడ్జి అతనికి అలంకృతమైన ఏప్రనును, చక్కగా జిల్దు కట్టిన నియమగ్రంథమును బహుమతిగా పంపెను. నవాబు కుమారుని విషయమున మతభేదము అడ్డు రాలేదు. అతని మైత్రి వలన కంపెనీవారికి ప్రయోజనముండెను. అతడు 1795లో నవాబయ్యెను. 1801లో అతడు మరణింపగానే కంపెనీవారు కర్ణాటక రాజ్యపాలనమును తామే తీసికొనిరి. లాడ్జిలోని సోదరత్వము లాడ్జి గడప దాటి వెలుపలికి రాలేదన్నమాట.

రాజకుమారునకు తెఱచిన తలుపు సామాన్యునకు తెఱువబడలేదు. 1840ల ఆరంభమున మాణెక్‌జీ కర్సెట్‌జీ అను పార్సీ ప్రముఖుడు బొంబాయి లాడ్జిలో చేరగోరెను. విద్యావంతుడు, ఉద్యోగి, తరువాతి కాలమున బాలికల ఆంగ్లవిద్యకై పాఠశాల స్థాపించిన సంస్కర్త. అయినను అతని కోరికను నిరాకరించిరి. అతడు ఐరోపాకు పోయి పారిసు నగరమున దీక్షపొంది వచ్చెను. సాటి మేసనుగా తిరిగివచ్చినను బొంబాయిలోని ఆంగ్లేయ లాడ్జి అతనిని కలుపుకొనలేదు. అప్పుడు స్కాట్లండు శాఖ లాడ్జీలకు అధిపతిగా నుండిన జేమ్సు బర్న్సు అను వైద్యుడు 1843 డిసెంబరులో 'రైజింగు స్టారు ఆఫ్ వెస్టర్న్ ఇండియా' యను క్రొత్త లాడ్జిని దేశీయుల నిమిత్తమే నెలకొల్పెను. పార్సీలును ముసల్మానులును అందు చేరిరి. ఇది యొక మేలు, ఒక లోటు. దేశీయులకు లాడ్జి దొఱకెను; కాని అది వేఱు లాడ్జి. పంక్తి యొకటి కాలేదు, వడ్డన మాత్రము జరిగెను.

తొమ్మిదేండ్ల నిరీక్షణము

హిందువుల ప్రశ్న ఇంకను మిగిలియుండెను. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తు అను వర్తకుడు 1863లో సభ్యత్వము కోరెను. ఆసియావాసిని చేర్చుకొనవలెనన్నచో ప్రాంతీయ గ్రాండు మాస్టరు అనుమతి ముందుగా పొందవలెనని బంగాళమున ఒక ఉపనియమముండెను. మూలగ్రంథమున లేని అడ్డు ఈ ఉపనియమమున నుండెను. దానిని ఆధారము చేసికొని దత్తు కోరికను త్రోసిపుచ్చిరి. ఉత్తరప్రత్యుత్తరములు లండను వఱకు సాగినవి.

ఆక్షేపణలు ముఖ్యముగా రెండు. హిందువులు అనేక దేవతలను కొలుతురు గనుక ఏకేశ్వరుని నమ్మవలెనను నియమమునకు తగరని మొదటిది. హిందువులకు కులకట్టుబాట్లు కలవు గనుక వారు సోదరత్వమును పాటింపజాలరని రెండవది. మొదటిదానికి సమాధానము మన దర్శనములలోనే కలదు. నామరూపములు పెక్కైనను పరతత్త్వ మొకటియే యనుట ఈ దేశమున క్రొత్త మాట గాదు. రెండవ ఆక్షేపణము మాత్రము మనలను నొప్పించును, నొప్పించుట న్యాయమే. కంచము పొత్తు, మంచము పొత్తు అను రెండింటి మీద గీతలు గీచికొని కూర్చున్నవారము, ఇంకొకరు తమ వాకిట గీత గీచినప్పుడు తప్పు పట్టుటకు ముందు తడుముకొనవలసియుండును. అయితే ఆ మాట పలికినవారి వద్దను తక్కెడ సరిగా లేదు. తమ క్లబ్బులలో దేశీయుని అడుగిడనీయనివారు కులమును నిందించుట చిత్రము. మద్రాసులో 1832లో ఏర్పడిన మద్రాసు క్లబ్బు ఐరోపావారికే పరిమితమై యుండగా, 1873లో కాస్మాపాలిటన్ క్లబ్బు వెలసినది ఇట్టి కారణముననే.

ఎట్టకేలకు 1872లో దత్తునకు దీక్ష లభించెను. తొమ్మిదేండ్లు పట్టెను. తలుపు తెఱచిన తరువాత అదేమంత బరువైన తలుపు కాదని తేలెను. 1884లో కలకత్తాలోని 'యాంకరు అండ్ హోపు' లాడ్జిలో నరేంద్రనాథ దత్తు అను యువకుడు చేరెను. లోకము అతనిని తరువాత స్వామి వివేకానందునిగా ఎఱిగినది. 1886లో లాహోరు లాడ్జిలో రడ్యార్డు కిప్లింగు చేరెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివానిని చేర్చుకొనరాదు; అతనికి నిండినవి ఇరువదియే. కార్యదర్శి యొకడు కావలసివచ్చి, ప్రత్యేకానుమతి తెప్పించి అతనిని చేర్చుకొనిరి. వేఱువేఱు మతములవారు ఆ లాడ్జిలో సోదరులుగా కూర్చుండిన తీరును, కులకట్టుబాట్ల వలన వారు కలిసి విందారగింపలేని కొఱతను అతడు తరువాత 'మదర్ లాడ్జి' యను పద్యములో తలచుకొనెను. ఒకనికి తొమ్మిదేండ్లు నిరీక్షణము, ఇంకొకనికి వయోనియమమునందే సడలింపు. నియమము ఒకటియే గాని చేతులు వేఱు.

వెలుపల నిలిచినవారు

దాసులకును వారి సంతతికిని జరిగినది ఇంకను దీర్ఘమైన కథ. బ్రిటిషు వలసలలో బానిసత్వము 1834లో చట్టముచే రద్దు కాగా, దాని నుండి విముక్తులైనవారు స్వతంత్రులే యైనను 'స్వతంత్రులకు పుట్టినవారు' గారు. ఇంగ్లండు గ్రాండు లాడ్జి 1847లో ఆ మాటను మార్చి, స్వతంత్రుడైనచో చాలుననెను. మార్చినది ఒక్క మాట. తెఱచినది వేలమందికి వాకిలి.

అమెరికాలో అట్లు జరుగలేదు. బోస్టను నగరమున ప్రిన్సు హాలు అను నీగ్రోజాతి నాయకుడు మఱి పదునలుగురితో 1775లో ఒక బ్రిటిషు సైనిక లాడ్జిలో దీక్షపొందెను. స్థానిక శ్వేతజాతి లాడ్జీలు వారిని కలుపుకొనలేదు. వారు లండనుకు వ్రాసికొని 1784లో తమ లాడ్జికి అనుమతిపత్రము సంపాదించిరి. దాని నుండి ఒక మహాశాఖ పెరిగెను. అదే గ్రంథము, అదే దీక్ష, అదే ప్రమాణము. అయినను శ్వేతజాతి గ్రాండు లాడ్జీలు వారిని మేసనులుగా అంగీకరింపలేదు. 1989లో కనెక్టికట్ రాష్ట్రపు గ్రాండు లాడ్జి అంగీకరించిన పిమ్మట ఇతర రాష్ట్రములు ఒకటొకటిగా ఆ దారిని పట్టినవి. 1994లో ఇంగ్లండు గ్రాండు లాడ్జి మసాచుసెట్సులోని ప్రిన్సు హాలు గ్రాండు లాడ్జిని గుర్తించెను. రెండు వందల యేండ్లు ఒకే యింటివారు ఒకరినొకరు ఎఱుగనట్లు బ్రదికిరి.

ఇక స్త్రీల విషయము. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఐర్లండులో ఎలిజబెత్ సెయింట్ లెజరు అను యువతి తన తండ్రి యింట జరుగుచున్న లాడ్జి కార్యమును చాటునుండి చూచినదనియు, రహస్యము దాచుటకు ఆమెను చేర్చుకొనక తప్పలేదనియు ఒక కథ కలదు. అది కాకతాళీయము, వాకిలి కాలేదు. ఫ్రాన్సులో 1882లో ఒక లాడ్జి మరియా దెరేమ్ అను రచయిత్రికి దీక్ష యిచ్చెను. ఇతర లాడ్జీలు ఆ దారిని పట్టలేదు. అప్పుడామె జార్జి మార్తాఁ అను వైద్యునితో కలిసి 1893లో స్త్రీపురుషులకు సమానముగా సభ్యత్వమిచ్చు వేఱు సంఘమును స్థాపించెను. అనీబిసెంటు 1902లో అందు చేరి, దానిని మన దేశమునకు తెచ్చెను. మద్రాసులోని అడయారున ఆ శాఖ లాడ్జి వెలసెను. పాతశాఖ 1999లో ఇంగ్లండులోని స్త్రీల గ్రాండు లాడ్జీల ఆచరణము సక్రమమైనదేయని ఒప్పుకొనెను. కాని స్త్రీలను తన లాడ్జీలలో నేటికిని చేర్చుకొనదు. మన దేశపు గ్రాండు లాడ్జియు అట్లే.

హైదరాబాదులోని గోషామహల్ బారాదరి కుతుబ్‌షాహీల కాలపు కట్టడము. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధము నుండి అది మేసను లాడ్జీలకు నెలవు. గోషా యనగా స్త్రీల పరదా. పరదా పేరు గల మహలులోనికి స్త్రీలకు సభ్యత్వము లేకపోవుట కాలము చేసిన వేడుక యనవలెను.

పునాది యేది, ప్రహరి యేది?

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి నియమములన్నియు దుష్టములనియు, వాకిండ్లన్నియు కూల్చవలెననియు మేము చెప్పుచున్నామని తలపరాదు. అందఱికిని అన్నియు అయిన సంఘము ఎవరికిని ఏమియు కాజాలదు. ఒకరినొకరు నమ్ముకొనువారు కూడినప్పుడు నమ్మకమునకు పరీక్ష ఉండవలెను. మేసనులు తెల్లగోళీ నల్లగోళీలతో రహస్యముగా సభ్యుని ఎన్నుకొనుటయు, లాడ్జిలో మతవాదములను రాజకీయములను ఎత్తకుండుటయు ఆ నమ్మకమును కాపాడినవి. 1961 నవంబరు 24వ తేదీన ఢిల్లీలో భారత గ్రాండు లాడ్జి స్థాపింపబడి, రాంపూరు నవాబు రజా ఆలీఖాను మొదటి గ్రాండు మాస్టరయ్యెను. భగవద్గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథసాహెబు, జెంద్ అవస్తా అను పవిత్రగ్రంథములకు అందు స్థానము కలదు. 1863లో దత్తునకు అడ్డుచెప్పినవారు ఊహింపని దృశ్యమిది. ఐనను సంఘము చెదరలేదు, దీక్ష మాఱలేదు, మూలమట్టము మూలమట్టముగానే యున్నది. ప్రహరి జరిగినది గాని పునాది కదలలేదు.

అయితే పునాది యేది, ప్రహరి యేది యని నిర్ణయించుట అన్నివేళల సులభము గాదు. 1877లో ఫ్రాన్సులోని గ్రాండు ఓరియెంటు సభ్యునికి దైవవిశ్వాసము ఉండవలెనను నియమమును తొలగించెను. మనస్సాక్షికి స్వాతంత్ర్యమే తమ పునాదియని ఫ్రెంచివారనిరి. దైవవిశ్వాసమే పునాది, దానిని తీసినచో కట్టడము నిలువదని ఇంగ్లండువారనిరి. ఇరువురి సంబంధము తెగిపోయెను. ఈ తగవులో నిజాయితీ కలదు. ఇరువురును తమ సంఘము ఎందులకు పుట్టినదను ప్రశ్ననే అడిగిరి, సమాధానములు వేఱైనవి. నిందింపదగినది ఆ ప్రశ్నను అడుగకయే 'పూర్వాచారము' అని తలుపు మూయుట.

మన వాకిలి

ఇప్పుడు మన సంగతికి వత్తము. బళ్లారిలోను, కోలారులోను, హోసూరులోను, మధురలోను, బరంపురములోను, రాయగడలోను, షోలాపురములోను మన కుటుంబములు ఎన్నో తరముల నుండి కలవు. మనవారు సంఘములు పెట్టిననాడు తెలుగువారెవరో నిర్వచింపవలసిన పని యుండలేదు. ఇంట తెలుగు పలికినవాడు తెలుగువాడు. నేటి స్థితి వేఱు. ఇంట తెలుగు మాటలాడుచు, అక్షరములు మాత్రము కన్నడముననో తమిళముననో ఒడియాలోనో వ్రాయు మనుమడు కలడు. అన్యభాషా కుటుంబమున మెట్టిన మన ఆడపడుచు కలదు. ఆమె బిడ్డలు అమ్మమ్మ యింటికి వచ్చినప్పుడే తెలుగు విందురు. మన యింట మెట్టి తెలుగు నేర్చి, మన వ్రతములు మనకంటె శ్రద్ధగా చేయు అన్యభాషా కోడలు కలదు. సభ్యత్వమును గృహయజమాని పేరనే వ్రాయు వాడుక ఉన్నచోట్ల ఇల్లాలి పేరు పుస్తకమునకు ఎక్కనే యెక్కదు. మన ఊళ్లలో కులమునకొక సంఘము, కులమునకొక సత్రము ఏర్పడుటయు అందఱెఱిగినదే. వీరిలో ఎవరు లోపలివారు, ఎవరు వెలుపలివారు?

ఇందులకు సమాధానము వెదకుచు సముద్రములు దాటనక్కఱలేదు. మన దేశపు శ్రేణులలోనే ఒక దృష్టాంతము కలదు. లాటదేశము, అనగా దక్షిణ గుజరాతు, నుండి పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి మాళవములోని దశపురమునకు వలసపోయెను. నేటి మందసోరు పట్టణమే ఆ దశపురము. వారు 436–37లో అచ్చట సూర్యదేవాలయమును కట్టించి, 473–74లో దానిని బాగుచేయించిరి. ఆ సంగతి తెలుపు శాసనమును వత్సభట్టి రచించెను. క్రొత్త ఊరికి వచ్చిన పిదప వారిలో కొందఱు మగ్గమునే నమ్ముకొనిరనియు, కొందఱు ధనుర్విద్యను, కొందఱు జ్యోతిషమును, కొందఱు కథాకథనమును చేపట్టిరనియు ఆ శాసనము చెప్పుచున్నది. మగ్గము విడిచినవారిని నేతగాండ్రు కారని ఆ శ్రేణి వెలివేయలేదు. వారిని గూర్చి గర్వముతో శాసనమున చెక్కించుకొనెను. అందఱును కలిసి గుడి కట్టిరి. వలసపోయిన సంఘము నిలిచిన తీరు అది. వారికి వృత్తి ప్రహరి, కూడియుండుట పునాది.

మన సంఘములకు పునాది తెలుగు మాట, తెలుగు పాట, ఆపదలో ఒకరికొకరు తోడు. ఈ మూటిని నిలుపుటకు ఏ నియమము తోడ్పడునో అది ఉండవలసినదే. వాటికి అడ్డు వచ్చునది ఎంత పాతదైనను ప్రహరియే. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి పలికిన తెలుగును తరతరములుగా తమిళగాయకులు కంఠస్థము చేసి కాపాడుచుండగా, మన ఆడపడుచు బిడ్డను సభ్యత్వ ప్రకరణము పేర గడప వద్ద నిలుపుట మనకు తగునా?

సర్వసభ్య సమావేశమున నిబంధనావళి ముందుంచుకొని కూర్చున్నప్పుడు మన పెద్దలు ప్రతి నియమమునకు మూడు ప్రశ్నలు వేయవలెనని మా మనవి. ఇది ఏ భయము వలన పుట్టినది? ఆ భయము నేడు కలదా? దీనివలన వెలుపల నిలిచిపోవువారెవరు? మూడవ ప్రశ్నకు సమాధానముగా మన పిల్లల పేర్లే వచ్చినచో, ఆ నియమమును మార్చుటకు తొమ్మిదేండ్లు తీసికొనుటకు మనకు వ్యవధి లేదు. ఇంగ్లండువారి లాడ్జి ఒక శతాబ్దము ఆలసించినను నిలిచెను. దానికి సామ్రాజ్యము అండగా నుండెను. మనకు అండ మన పిల్లలే. వారు వాకిట నిలిచి విసిగి మఱలిపోయినచో, లోపల దీపము పెట్టుటకు ఎవరును మిగులరు.